విడిది ఋణము

మార్గశిర పుష్యమాసములు వచ్చినంతనే ఉత్తర తెలంగాణమున నేడొక క్రొత్త ఆచారము కనబడుచున్నది. క్రిస్మసునకును సంక్రాంతికిని పాఠశాలలకు సెలవులు రాగానే హైదరాబాదు, వరంగల్లు, కరీంనగరము మొదలగు పట్టణములనుండి చదువుకొన్న కుటుంబములు గుడారములను, కంబళ్లను, వంటపాత్రలను కార్లలో వేసికొని జలాశయముల యొడ్డునకు బయలుదేరుచున్నవి. కొందరు కరీంనగరము ప్రక్కనున్న దిగువ మానేరునకు పోవుదురు. కొందరు కడెము జలాశయమునకు పోవుదురు. మరికొందరు కవ్వాల అడవి యంచున జన్నారములో దిగుదురు. రెండు మూడు రాత్రులక్కడ గడపి, నెగడు చుట్టు కూర్చుండి చలి కాచుకొని, వేకువ మంచులో నీటిపై పొగవలె లేచు ఆవిరిని చూచి, మరల తమ తమ పనులకు వచ్చుదురు.

ఈ ఆచారమును మెచ్చుకొనుట సులభము, నిందించుటయు సులభమే. ఈ రెంటిలో నేదియు నిక్కడ నా యుద్దేశము కాదు. ఇందొక ధర్మసూక్ష్మము ఇమిడియున్నది; దానిని చదువరులతో కలిసి విచారింపవలెనని నా కోరిక. ఇతరులు పోగొట్టుకొన్నదానివలన నేర్పడిన సౌందర్యమును మనము అనుభవింపవచ్చునా? అనుభవింపవచ్చునన్నచో, ఆ యనుభవముతోపాటు మనపై బడు విధి యెట్టిది?

ముందుగా విశ్రాంతి పక్షమున చెప్పవలసినది చెప్పుట న్యాయము. సంస్కారము కోరువారిలో కొందరు విశ్రాంతిని సోమరితనమునకు మారుపేరుగా నెంచుచుందురు. అది సరికాదు. ఎడతెగక పనిచేయు మనస్సు పదును పోయిన కొడవలివంటిది. అది పైరును కోయదు, పీకును. పట్టణములోని బాలునకు నిజమైన చీకటి యెట్లుండునో తెలియదు. కృత్తికలను మన పల్లెలలో పిల్లలకోడి యందురని వానికి పుస్తకమున చదివిననే గాని తెలియదు. ఆదిలాబాదు, ఆసిఫాబాదు కొండలలో చలి 5 డిగ్రీలకు దిగువకు పోవు రాత్రులు గలవు. అట్టి రాత్రి ఆరుబయట గడపినవానికి మంట విలువ తెలియును, కంబళి విలువ తెలియును, ప్రక్కనున్న మనుష్యుని విలువయు తెలియును. ఇంటిలో నలుగురు నాలుగు గదులలో నాలుగు తెరలను చూచుచు కాలము పుచ్చు కుటుంబము గుడారమున నొక్క దీపము క్రిందికి చేరును. ఇది చిన్న లాభము కాదు. కావున ఇట్టి విడిదికి పోరాదని చెప్పువాడను నేను కాను. ఎట్లు పోవలెనని మాత్రమే నా ప్రశ్న.

మనము పట్టణమును విడిచి ప్రకృతి యొడికి పోవుచున్నామని చెప్పుకొందుము. ఆ మాటయందే మొదటి పొరపాటు గలదు. మనము చూడబోవు ఆ సరస్సులలో నొక్కటియు ప్రకృతి యిచ్చినది కాదు. అవి మనుష్యుల చేతిపని. కాకతీయుల కాలమునుండియు తెలంగాణము చెరువుల దేశము. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు ఆ కాలపు వారి కృషియే. ఆ పరంపరలోనే, మన కాలమున, యంత్రబలముతో, పెద్ద జలాశయములు లేచినవి. గోదావరికి ఉపనదియైన కడెముపై ఆనకట్ట పని 1949లో ఆరంభమైనది. మానేరుపై కరీంనగరము ప్రక్కన దిగువ మానేరు జలాశయము 1974లో మొదలై 1985లో ముగిసినది. దానికి ఎగువన, నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలో, మధ్య మానేరు జలాశయము 2010ల చివరి యేండ్లలో నీటితో నిండ నారంభించినది. నల్లని రాతికట్ట, దాని వెనుక కనుచూపు మేర పరచుకొన్న నీరు, ఆ నీటిపై వ్రాలు సూర్యబింబము - ఇవి యన్నియు మనకిప్పుడు స్వభావసిద్ధములుగా దోచును. కాని ఆ నీరున్న చోట మొన్నటివరకు పొలములుండెను, ఇండ్లుండెను, దారులుండెను.

మధ్య మానేరు క్రింద మునిగిన గ్రామములలో కొదురుపాక, చింతల్‌ఠాణా, చీర్లవంచ, అనుపురము మొదలగునవి గలవు. వరదవెల్లిలో గుట్టపైనున్న దత్తాత్రేయుని గుడి చుట్టును నీరు చేరగా, ఒకప్పుడు కాలినడకను ఎక్కిన గుట్టకు భక్తులు నేడు పడవపై పోవలసివచ్చుచున్నది. ఆ పడవ ప్రయాణము క్రొత్తవానికి వినోదము. ఆ యూరివానికి తన పొలముమీదుగా, తన బాటమీదుగా పోవు ప్రయాణము. ఒకే నీటిపై ఒకే పడవలో ఇరువురు ప్రక్కప్రక్కన కూర్చుండి రెండు వేరు వేరు లోకములను చూచుచుందురు.

గ్రామము పోవుటయనగా ఇండ్లు పోవుట మాత్రమే కాదని మన తెలంగాణము వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి యూరి నడుమను బొడ్రాయి యుండును. అది యూరికి నాభి. దానికి నీళ్లుపోసి పసుపు కుంకుమలు పెట్టి మన పెద్దలు ఊరిని ప్రాణముగల దానిగా నెంచిరి. ఇంటికి వెల కట్టవచ్చును, పొలమునకు వెల కట్టవచ్చును, చెట్టునకు లెక్కగట్టి ఇంతయని యీయవచ్చును. బొడ్రాయికి వెల యేది? తాత సమాధికి వెల యేది? బ్రతుకమ్మ నాడు ఆడుబిడ్డలందరు చేరు చెరువుగట్టునకు వెల యేది? ప్రభుత్వము వారి పట్టికలో ఈ వరుసలకు చోటుండదు. ఇవి ఏ పట్టికకును ఎక్కక నీటి యడుగున మిగిలిపోయినవి.

ఇక్కడ నొక ఆక్షేపణ వచ్చును; అది బలమైనదే. జలాశయములు వినోదమునకై కట్టబడినవి కావు. కడెము నీటితో సుమారు 68 వేల యెకరములు సాగగునట్లు ఏర్పాటు చేయబడినది. మానేరు నీరు కరీంనగరము ప్రజల దాహము తీర్చుచున్నది. కొందరు నష్టపడిరి, పెక్కురు బాగుపడిరి. నష్టపడినవారికి ప్రభుత్వము పరిహారమిచ్చినది. ఆ పరిహారము చాలినదా చాలలేదా యనునది ప్రభుత్వమునకును వారికిని నడుమనున్న వివాదము. రెండు దినములు గుడారము వేసికొని పోవు నాకు దానితో నేమి పని? నేను కట్ట కట్టలేదు, ఊరు ముంచలేదు. నా విశ్రాంతిని చెరచు నీ తలపు నాకేల?

ఈ ఆక్షేపణకు సమాధానము మన శాస్త్రములందే గలదని నా నమ్మకము. దోషము వేరు, ఋణము వేరు. చేసినదానివలన దోషము కలుగును. పొందినదానివలన ఋణము కలుగును. మనుష్యుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో పుట్టునని పెద్దలు చెప్పిరి. అప్పుడే పుట్టిన శిశువేమి నేరము చేసినది? ఏమియు లేదు. ఐనను అది ఋణముతోనే పుట్టినది. ఏలయన అది పుట్టుటతోనే ఇతరుల శ్రమను, ఇతరుల జ్ఞానమును, ఇతరుల దేహమును అనుభవించుచున్నది. ఋణము అవమానము కాదు, శిక్షయు కాదు. అది సంబంధమునకు పేరు. జలాశయపు టొడ్డున కూర్చుండి ఆనందించువాడు దోషి కాడు. కాని అతడు ఋణస్థుడు. తాను దోషి కానన్న నెపమున ఋణమును కూడ లేదనువాడు లెక్క తప్పుచున్నాడు.

ఋణమున్నదని యొప్పుకొన్న తరువాత దానిని తీర్చుటెట్లు? తీర్చుటకు మొదటి మెట్టు తెలిసికొనుట. దూరదేశపు దృష్టాంత మొకటి యిక్కడ పనికివచ్చును. అమెరికాలో థోరో యను తత్త్వవేత్త 1845లో కాంకర్డు గ్రామము చెంత వాల్డెను అను కొలను ప్రక్కన చిన్న కుటీరము కట్టుకొని రెండేండ్ల రెండు నెలలు ఒంటరిగా నివసించెను. ఆ యనుభవమును 1854లో గ్రంథముగా ప్రకటించెను. ఏకాంతవాసమును, ప్రకృతి సౌందర్యమును కోరువారు దానిని నేటికిని పారాయణము చేయుదురు. కాని ఆ గ్రంథములో, ఆ చోట తనకు పూర్వము నివసించినవారిని గూర్చియు, చలికాలమున తన్ను చూడవచ్చినవారిని గూర్చియు నొక యధ్యాయము గలదను సంగతిని పెక్కురు మరతురు. ఆ పూర్వవాసులలో ఒకప్పుడు బానిసలుగా నుండిన నీగ్రోజాతివారు గలరు. వారి యిండ్లు అప్పటికే కూలిపోయి, నేలలో గుంటలు మాత్రము మిగిలియుండెను. థోరో ఆ గుంటల చెంత నిలిచి వారి పేరులను గ్రంథమున కెక్కించెను. తాను వెదకి వచ్చిన ఏకాంతము ఇతరులు లేకపోవుటచే ఏర్పడినదని గుర్తించినవాడు కనుకనే అతని ఏకాంతమునకు బరువు గలిగినది. ఆ యధ్యాయమే లేకున్నచో ఆ గ్రంథము చక్కని వర్ణనగా మాత్రము మిగిలియుండునేమో.

మన దేశమున ఈ విడిదుల చరిత్రయందు మరియొక పేజీయు గలదు. నేడు మనము క్రొత్తదనుకొను ఈ చలికాలపు మకాము నిజముగా క్రొత్తది కాదు. నిజాము కాలమున అధికారులు దౌరా పేరిట పల్లెలకు వచ్చి డేరాలు వేయించుకొనెడివారు. అడవి ప్రాంతములలో షికారునకును వచ్చెడివారు. వారి మకాము నడుచుటకు ఊరిలోని వృత్తులవారందరు వెట్టి చేయవలసియుండెను. కుమ్మరి కుండలు తేవలెను, చాకలి బట్టలుతుకవలెను, మరియొకడు కట్టెలు మోయవలెను, గొల్లవాడు గొర్రెను, పాలను ఈయవలెను. ఎవ్వరికిని కూలి లేదు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన జరిగినది మొదలు నిజాము రాష్ట్రాంధ్రమహాసభలు ఎత్తిన సమస్యలలో వెట్టి ముఖ్యమైనది. వెట్టి చట్టములోనుండి పోయినది. కాని డబ్బిచ్చి కొన్న సేవలో కూడ వెట్టి నీడ మిగిలియుండవచ్చును. రాత్రి పన్నెండు గంటలవరకు మన నెగడునకు కట్టెలందించి, తెల్లవారకముందే మనకు వేడినీళ్లు కాచి, తాను మాత్రము వరండాలో పలుచని దుప్పటిలో ముడుచుకొని పడుకొను కావలివాని పేరు మనకు తెలియకున్నచో, మనమా దౌరా అధికారులకు ఎంత దూరము వచ్చినట్లు?

నీటికిని కావలివారు గలరు. చలికాలమున నిశ్చలమై అద్దమువలె నుండు కడెము జలాశయము వర్షకాలమున మరియొక రూపము దాల్చును. 1958లో వరదకు ఆ కట్ట తెగినది. తరువాత దానిని బలపరచి గేట్లను పెంచి 18 చేసిరి. 2022 జూలైలో వచ్చిన వరద ఆ గేట్ల పైనుండి పొరలినది. దిగువ గ్రామములవారు ఇండ్లు వదలి ఎత్తైన చోటులకు పోయిరి. కట్టపై నుండవలసినవారు కట్టపై నిలిచిరి. మనము పుష్యమాసమున చూచి మెచ్చుకొను ఆ ప్రశాంతత, శ్రావణమున ఎవరో నిద్ర మానుకొని కాచిన దానికి మిగిలిన ఫలము.

జలాశయమును దాటి అడవికి పోయినచో ప్రశ్న మరింత చిక్కుపడును. కవ్వాల అడవి 1965లో అభయారణ్యమైనది. 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినది. పులి బ్రదుకుటకు మనుష్యసంచారము లేని చోటు వలయును; ఇది శాస్త్రము చెప్పు సత్యము. ఆ సత్యము ననుసరించి కడెము మండలములోని రాంపూరు, మైసంపేట గూడెముల కుటుంబములు ఈ దశాబ్దములో అడవి లోపలినుండి వెలుపలికి తరలింపబడినవి. కొందరు ఇంటిని, భూమిని తీసికొనిరి. కొందరు ధనము తీసికొనిరి. పాఠశాల, వైద్యము, రహదారి దగ్గరయగునని కొందరు సంతోషించియు ఉందురు; అందరును దుఃఖించిరని చెప్పుట అతిశయోక్తి కావచ్చును. కాని ఒక్క సంగతి గమనింపవలెను. ఆ యడవిలో పుట్టినవాడు ఇకమీద అక్కడ రాత్రి నిద్రింపరాదు. డబ్బు చెల్లించి వచ్చిన మనము మాత్రము దాని యంచున నిద్రించి, తెల్లవారి జీపులో లోపలికి పోయి చూచి రావచ్చును. పులికొరకు వాడు చేసిన త్యాగమును మన వినోదముకొరకు చేసిన త్యాగముగా మనము మార్చివేయుచున్నామా? పులిని కాపాడుట ధర్మమని యొప్పుకొందము. ఆ ధర్మమునకు వెల చెల్లించినది మాత్రము మనము కాదు. వెల చెల్లింపనివాడు కనీసము నిశ్శబ్దముగా నుండవలెను. 1940లో జోడేఘాటులో ప్రాణమర్పించిన కుమురము భీము జలము, అడవి, భూమి తమవని పోరాడినాడని మన పిల్లలు పాఠములలో చదువుచున్నారు. ఆ పాఠము చదివిన పిల్లవాడు ఆ యడవికే పోయి, అక్కడి గోండు మనుష్యుని ఫొటోకు తగిన వస్తువుగా చూచినచో, ఆ చదువు వానికి అంటలేదని యెంచవలెను.

అట్లయిన విడిది ధర్మబద్ధముగా నుండుట సాధ్యమా? సాధ్యమే. అందుకు దృష్టాంతము ఆ నేలలోనే గలదు. మనము సెలవులకు పోవు కాలముననే, పుష్యమాసమందు, గోండులలో మెస్రం వంశమువారు తమ విడిదిని సాగింతురు. మన గుడారములు లేచు జన్నారము మండలములోనిదే కలమడుగు గ్రామము. దాని చెంతనున్న హస్తినమడుగునకు వారు చెప్పులు లేక కాలినడకను పోయి, గోదావరి జలమును ఝరిలో నింపికొని, మరల కాలినడకనే తెత్తురు. ఇంద్రవెల్లిలో పూజచేసి, కేస్లాపూరు మఱ్ఱిచెట్ల క్రింద బండ్లు విడిచి మకాము వేయుదురు. పుష్య బహుళ అమావాస్యనాటి రాత్రి ఆ జలముతో నాగోబాకు మహాపూజ జరుగును. పూజకు వలయు కుండలను సిరికొండలోని కుమ్మరి కుటుంబమే పరంపరగా చేసి యిచ్చుచున్నది. దూరదూరముల నుండి వందల కుటుంబములు వచ్చినను వంటకు 22 పొయ్యిలే వాడుదురు. ఒకరి తరువాత నొకరు వంతులవారిగా వండుకొందురు.

ఈ 22 పొయ్యిల సంగతి నాకు మిక్కిలి నచ్చినది. పొయ్యి పెట్టుటకు మూడు రాళ్లు చాలును. ఎవరికి వారు వేరుగా పెట్టుకొనుటకు అడ్డేమున్నది? కాని వారు అట్లు చేయరు. తాము వచ్చిన చోట తమ యవసరమునకు హద్దుండవలెననియు, తన వంతు వచ్చువరకు ఆగుట మర్యాద యనియు ఆ యాచారము నేర్పుచున్నది. మన విడిదికిని వారి విడిదికిని భేదము భక్తి యొక్కటియే కాదు. వారు నీటిని తీసికొని పోవుటకు పోవుదురు. ఎవరినుండి తీసికొనుచున్నారో వారికి తెలియును. మనము చూడబోవుదుము, ఎవరినుండి పొందుచున్నామో మనకు తెలియదు. వారి పాదయాత్రలో దారిపొడుగున బంధువుల యిండ్లు గలవు; మన ప్రయాణములో దారిపొడుగున దుకాణములు మాత్రమే గలవు. అందరము మెస్రములము కాలేము, కానక్కరయు లేదు. కాని విడిదికి ఒక నియమముండవచ్చునని వారిని చూచి తెలిసికొనవచ్చును.

బయటినుండి వచ్చినవారు కూడ మంచి అతిథులు కాగలరనుటకు మరియొక నిదర్శనము. కుమురము భీము తిరుగుబాటు తరువాత గోండుల కష్టములను విచారించుటకు నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. ఆయనయు, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తును మార్లవాయి గ్రామమున గుడిసెలో నివసించిరి. వారు చూచి, వ్రాసికొని, ఊరక పోలేదు. 1940లలో అక్కడ గోండు ఉపాధ్యాయులను తయారుచేయు పాఠశాల వెలసినది. గోండి భాషలో వాచకములు వచ్చినవి. భూములకు పట్టాలిచ్చు పని సాగినది. కేస్లాపూరు జాతరలో అధికారులు ప్రజల మొరలు వినెడి దర్బారు ఏర్పడినది. 1987 జనవరిలో బెట్టీ మరణించిరి. మార్లవాయి ప్రజలు ఆ దంపతులను నేటికిని ప్రతి జనవరిలోను స్మరించుచున్నారు. ఆ మానవశాస్త్రజ్ఞుని వ్రాతలను గూర్చి పండితులకు భిన్నాభిప్రాయము లుండవచ్చును. కాని విడిది ధర్మము దృష్ట్యా చూచినచో, తాను దిగిన యూరు తన్ను స్మరించునట్లు బ్రదుకుట గొప్ప సంగతి. మన గుడారము లేచిపోయిన మరునాడు ఆ యూరివారు మనలను దేనివలన గుర్తుంచుకొందురు? గాజు పెంకులవలననా, ప్లాస్టికు సంచులవలననా?

ఇంత దూరము పరుల ఋణమును గూర్చి చెప్పితిని. ఇక గృహస్థులైన చదువరులు తమ గుడారము లోపలికి కూడ నొకసారి చూడవలెను. సెలవులన్నచో ఎవరికి సెలవు? ఇంటిలో గ్యాసు పొయ్యిమీద వండు ఇల్లాలు ఇక్కడ మూడు రాళ్ల పొయ్యి చెంత కన్నులు మండుచుండగా వండును. ఇంటిలో కుళాయి క్రింద గిన్నెలు తోము చేతులు ఇక్కడ మంచువంటి నీటిలో తోమును. బయలుదేరుటకు మూడు దినముల ముందు సామానులు సర్దినది ఆమె. తిరిగివచ్చిన తరువాత మూడు దినములు బట్టలుతుకునదియు ఆమెయే. పురుషుడు విడిదికి పోయినాడు. ఆమె వంటయిల్లు మాత్రము స్థలము మారినది. ఒక మనుష్యుని విశ్రాంతి మరియొకరి యధికశ్రమపై నిలిచినచో దానిని విశ్రాంతి యనుట కంటె బరువు మార్పిడి యనుట సత్యము. నీటి యడుగున మునిగిన గ్రామమును గూర్చి కన్నీరు కార్చి, ప్రక్కననే పొగలో మునిగిన భార్యను చూడనివాని దయ సభలలో చెప్పుకొనుటకు మాత్రమే పనికివచ్చును. మెస్రములవలె మనమును వంతులు పెట్టుకొనవచ్చును. ఒక పూట తండ్రి వండును. ఒక పూట కొడుకులు గిన్నెలు తోముదురు. ఒక వేకువ ఇల్లాలు ఎవ్వరు పిలువక, ఎవ్వరు అడుగక, ఒంటరిగా నీటియొడ్డున కూర్చుండి సూర్యోదయము చూచును. ఆ యొక్క వేకువ ఆమెకు దొరకినచో ఆ విడిది సార్థకము.

నోరులేని జీవులకును మనము ఋణపడియున్నాము. హిమాలయముల కావలినుండి చలికాలమున దక్కను చెరువులకు బాతుజాతి పక్షులు వలస వచ్చును. అవియు మనవలెనే చలికాలపు విడిదికి వచ్చినవే. కాని వాటికది వినోదము కాదు, ప్రాణధారణ. మంథని ప్రాంతమున గోదావరి తీరమందలి శివ్వారము అభయారణ్యము మొసళ్లకు ప్రసిద్ధి చెందినది. మొసలికి ఒడ్డున ఎండ కాగుట కాలక్షేపము కాదు, ఒడలు వెచ్చచేసికొను జీవనావసరము. ఇట్టి చోట్ల రాత్రియంతయు యంత్రములతో పాటలు మ్రోగించి టపాకాయలు కాల్చువాడు తాను సంతోషించుచున్నాననుకొనును. ఇతరుల యింట చొరబడి గోల చేయుచున్నాడని వానికి తోచదు.

ఇక చేయవలసిన పనులు కష్టమైనవేమియు కావు. పోవుటకు ముందే ఆ నీటి క్రింది గ్రామముల పేరులు తెలిసికొని పిల్లలకు చెప్పవచ్చును. పునరావాస కాలనీలోని అంగడిలో పాలు, జొన్నరొట్టెలు కొని న్యాయమైన వెల యీయవచ్చును. ఒకరి పొలములో గుడారము వేయుటకు ముందు అడుగవచ్చును. కావలివానిని పేరుతో పిలిచి, వయసునకు తగినట్లు అన్నా యనియో, తాతా యనియో సంబోధించి, నెగడు చెంత కూర్చుండుమని చెప్పవచ్చును. అతడు చెప్పిన చోటనే నీటిలో దిగి, వలదన్న చోట మానవచ్చును. తెచ్చిన చెత్తను తెచ్చిన సంచిలోనే తిరిగి తీసికొని పోవచ్చును. వీటిలో నేదియు ముంపు గ్రామమును పైకి తేలదు. పోయిన బొడ్రాయిని మరల నిలుపదు. పరిహారము పూర్తిగా అందనివారి పక్షమున పౌరుడుగా మాట్లాడవలసిన విధి వేరుగా నుండనే యున్నది. గిన్నెలు తోమి ఆ విధినుండి తప్పించుకొనరాదు. కాని చిన్న ఋణమును చెల్లింప నేర్చుకొననివాడు పెద్ద ఋణమును గూర్చి మాట్లాడినను ఎవ్వరు నమ్మరు.

కడపట నొక్క సందేహము. ఇన్ని ఋణములు తలపునకు తెచ్చుకొన్నచో ఇక విశ్రాంతి యెక్కడిది? మనస్సు తేలికపడుటకు పోయి బరువెక్కించుకొని రావలెనా? ఈ సందేహము మరపునే విశ్రాంతిగా నెంచుటవలన పుట్టినది. మరపు నిద్రవంటిది; అదియు కొంత వలయును, కాదనను. కాని మేలుకొని యుండగనే కలుగు విశ్రాంతి యొకటి గలదు. బంధువుల యింటికి పోయినవాడు అక్కడ ఎవరి ఋణము తనపై నున్నదో యెరిగియుండును; అందువలన అతనికి నిద్ర పట్టకపోదు, ఇంకను హాయిగా పట్టును. పరాయి యింట, ఎవరిదో తెలియని యింట పడుకొన్నవానికే కలత నిద్ర. జలాశయపు టొడ్డు మనకు పరాయిచోటుగా నున్నంతకాలము మనమక్కడ ఎంత గోల చేసినను ఆ కలత పోదు. దాని పేరులు, దాని మనుష్యులు, దాని నష్టములు తెలిసిన దినమున అది చుట్టాలయిల్లగును. చుట్టాల యింట విడిదికి నియమములు ఎవ్వరును వ్రాసి యీయనక్కరలేదు.